అడవిని బట్టి అలుగు

ఇర్మా రోంబౌర్ అనే గృహిణి 1931లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో సొంత డబ్బు పెట్టి ఒక వంటల పుస్తకం అచ్చు వేయించారు. అంతకు ముందు ఏడాదే ఆమె భర్త చనిపోయారు. ‘ద జాయ్ ఆఫ్ కుకింగ్’ అనే ఆ పుస్తకం తరాలు మారినా అమెరికా వంటిళ్లలో నిలిచిపోయింది. ఆమె కూతురు మారియన్ దాన్ని పెంచి పెద్ద చేశారు. మారియన్ కొడుకు ఈథన్ బెకర్ పారిస్‌లోని కార్డాన్ బ్లూలో వంట నేర్చుకుని, అమ్మమ్మ పుస్తకం తర్వాతి కూర్పుల మీద పనిచేశారు. ఆయనకు ఇంకో వ్యాపకం కూడా ఉంది. అడవిలో పనికొచ్చే పెద్ద కత్తులకు రూపం కట్టడం.

మొన్న ఆకురాలు కాలంలో నేను పెన్సిల్వేనియాలోని అలెగెనీ అడవికి తీసుకెళ్లిన కత్తి ఆయన రూపం కట్టిందే. పేరు బీకే-9. అలుగు సుమారు 9 అంగుళాలు. పిడితో కలిపితే 15 అంగుళాలకు కాస్త తక్కువ. బరువు అర కిలోకు కొంచెం లోపు. వెన్ను మందం 4.8 మిల్లీమీటర్లు. మడత లేదు, మీట లేదు. మొన నుంచి పిడి చివరిదాకా ఒకే ఉక్కు పలక, దానికి అటూ ఇటూ బిగించిన గాజు పీచు కలిసిన నైలాన్ పిడి. చేతిలోకి తీసుకోగానే బరువంతా ముందుకు, అలుగు వైపుకు లాగుతుంది. కూరలు తరిగే కత్తి ఇలా లాగదు.

ఇలాంటి కత్తిని పరీక్షించడమంటే చాలామంది బలపరీక్ష అనుకుంటారు. ఇటుకలు నరుకుతారు, ఇనుప డబ్బాలు పొడుస్తారు, చెట్టు సందులో ఇరికించి వంచి చూస్తారు. ఆ పరీక్షల్లో కత్తి నెగ్గినా ఓడినా అడవికి వెళ్లే మనిషికి తెలిసేది తక్కువ. చలి రాత్రి ఒకటి అడవిలో గడపాలంటే కట్టె కావాలి, ఆ కట్టె చీలాలి, నిప్పు అంటుకోవాలి, నాలుగు మెతుకులు ఉడకాలి. ఈ పనుల్లో ఏది ఈ కత్తిది, ఏది కాదు అన్నదే నేను చూడదలచుకున్నది.

కత్తుల ఊళ్ల మధ్య

అలెగెనీని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ కత్తిని ఇప్పుడు తయారుచేస్తున్న కా-బార్ సంస్థ ఉన్నది ఆ అడవికి ఈశాన్యంగా, న్యూయార్క్ రాష్ట్రపు దక్షిణ అంచున ఉన్న ఒలియన్ పట్టణంలో. సంస్థ పుట్టింది మాత్రం అడవి పడమటి అంచున, అలెగెనీ నది ఒడ్డున ఉన్న టిడియూట్ అనే చిన్న ఊళ్లో. 1898లో యూనియన్ రేజర్ కంపెనీగా మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అమెరికా మెరైన్ దళం ఎంచుకున్న కత్తితో దాని పేరు ప్రపంచానికి తెలిసింది. పేరు వెనక సంస్థ చెప్పుకునే కథ ఒకటుంది. తుపాకీ మొరాయించిన వేళ గాయపడ్డ ఎలుగుబంటిని మీ కత్తితోనే చంపి బతికి బయటపడ్డానని ఒక వేటగాడు ఉత్తరం రాశాడట. అతని గీతల్లో ‘కిల్ ఎ బేర్’ అన్న మాట కాస్తా ‘కె ఎ బార్’ అని కనిపించిందట. బెకర్ కత్తులను అంతకు ముందు చేసిన కమిల్లస్ సంస్థ 2007లో మూతపడింది. ఆ తర్వాత అవి ఒలియన్‌కు చేరాయి. అడవికి ఉత్తరాన ఉన్న బ్రాడ్‌ఫోర్డ్‌లోనేమో కేస్ చాకులు, జిప్పో లైటర్లు తయారవుతాయి. కత్తి చేసిన ఊళ్లకు చుట్టుపక్కల పెరిగిన చెట్టు మీదే ఆ కత్తిని చూడటం న్యాయమనిపించింది.

తెలుగువాళ్లకు పిట్స్‌బర్గ్ అనగానే పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా కారులో మూడు గంటల లోపే ఈ అడవి. నాతో వచ్చిన తమ్ముడి వరస కుర్రాడు ఆ ఊళ్లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సొంతూరు ఖమ్మం జిల్లా. ఇంట్లో మచ్చుకత్తి చూస్తూ పెరిగినవాడు. కత్తిని ఒరలోంచి తీసి, వెన్ను మీద బొటనవేలు పెట్టి, రెండుసార్లు గాలిలో ఆడించి చూశాడు. “బరువుంది గానీ అన్నా, ముందుకు వంపు లేదుగా. కొమ్మ జారిపోదా?” అన్నాడు. ఆ ప్రశ్న ఎంత సరైందో సాయంత్రానికి తెలిసింది.

అలెగెనీ జాతీయ అటవీ ప్రాంతాన్ని 1923లో ఏర్పాటుచేశారు. విస్తీర్ణం దాదాపు 5 లక్షల ఎకరాలు. ఇవాళ చూస్తే ఆకాశాన్నంటే చెట్లు. ఏర్పాటు చేసిన నాటికి మాత్రం అది దాదాపు బోడి కొండల దేశం. అంతకు ముందు అక్కడ హెమ్లాక్, బీచ్ చెట్ల మహారణ్యం ఉండేది. హెమ్లాక్ మన దేవదారు తీరు సూదిమొన ఆకుల చెట్టు. దాని బెరడులో తోలు ఊనడానికి పనికొచ్చే టానిన్ దండిగా ఉంటుంది. 19వ శతాబ్దంలో తోలు కార్ఖానాలు ఆ బెరడు కోసమే చెట్లు కూల్చాయి. తర్వాత అడవిలోకి రైలు పట్టాలు పడ్డాయి, మిగిలిన మాను కూడా పోయింది. చివరికి చిన్నా చితకా కట్టెను బొగ్గుకు, రసాయనాలకు పట్టుకుపోయారు. అలా ఖాళీ అయిన నేల మీద ఎండను కోరుకునే నల్ల చెర్రీ చెట్టు విజృంభించింది. ప్రపంచంలో మేలురకం చెర్రీ కలప దొరికే చోటుగా ఇవాళ ఈ కొండలకు పేరు. ఒక విధ్వంసం మీద మొలిచిన అడవి అది. అక్కడ నిలబడి కత్తి ఎత్తేవాడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

అక్కడి నిబంధన కూడా గుర్తు చేస్తుంది. నిలబడి ఉన్న పచ్చి చెట్టు మీద చెయ్యి వేయకూడదు. పొయ్యి కోసం నేల మీద పడిన ఎండు కట్టె ఏరుకోవచ్చు. మేం తాకింది అదే. వేట కాలం కావడంతో ఇద్దరం నారింజ రంగు చొక్కాలు తొడుక్కున్నాం. జింకల వేటగాళ్లకు దూరం నుంచి కనబడటానికి అది అవసరం.

నరకడం

మొదట నరకడం చూశాం. మణికట్టు లావు చెర్రీ కొమ్మ, గాలికి విరిగిపడి, బెరడు ఊడిపోయి ఎండింది. చెర్రీ మరీ గట్టి కట్టె కాదు. కలప గట్టిదనాన్ని కొలిచే జంకా పరీక్షలో చిన్న ఉక్కు గుండును సగందాకా కట్టెలోకి దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. అందులో చెర్రీకి సుమారు 950 పౌండ్లు, చక్కెర మేపుల్‌కు సుమారు 1,450. మన టేకు చెర్రీకి కాస్త పైన ఉంటుంది.

పెద్ద కత్తితో నరికే తీరు గొడ్డలి తీరు కాదు. గొడ్డలికి బరువు తలలో ఉంటుంది, పొడుగు కర్ర ఊపు ఇస్తుంది, మనిషి దారి చూపిస్తే చాలు. కత్తికి బరువు తక్కువ, ఊపు తక్కువ. అందుకని వేగం మణికట్టు నుంచి రావాలి. పిడిని చివర పట్టుకుని, వెనక వేళ్లను కొంచెం వదులుగా ఉంచి, అలుగు కట్టెను తాకబోయే క్షణంలో బిగించాలి. దెబ్బ ఏటవాలుగా పడాలి. ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి, మధ్యలో పెచ్చు ఎగిరిపోవాలి. మొన నుంచి కొంచెం లోపలికి ఒక చోటు ఉంటుంది, అక్కడ తగిలితే చేతికి అదురు రాదు. దానికి ఇవతల తగిలితే మోచేతి దాకా జివ్వుమంటుంది. బెకర్ పిడికి ఇక్కడ పూర్తి మార్కులు వేస్తాను. మధ్యలో ఉబ్బి, చివర చిటికెన వేలు జారకుండా కొక్కెంలా వంగి ఉంటుంది. చేతికి చెమట పట్టినా కత్తి కదల్లేదు.

కొమ్మ తెగింది. శుభ్రంగానే తెగింది. అయినా పక్కనే స్వీడన్‌లో పుట్టిన బాకో సంస్థ చేసే లాప్లాండర్ అనే మడత రంపం పెట్టుకుని అలాంటి కొమ్మనే కోసి చూస్తే తేడా కళ్లకు కట్టింది. 19 సెంటీమీటర్ల ఆ రంపం కత్తి బరువులో సగం కూడా ఉండదు. కట్టె త్వరగా తెగింది, చప్పుడు లేదు, పెచ్చులు కంటి మీదకు ఎగరలేదు, ఊపిరి బరువెక్కలేదు. చలిలో ఒళ్లు అలిసిపోయి చెమట పట్టడం చిన్న విషయం కాదు. తడిసిన బట్ట రాత్రికి వణికిస్తుంది. అడ్డంగా తెంపే పనికి ఈ అడవిలో రంపమే సరి. కత్తి ఆ పని చేయగలదు, కానీ ఆ పని దానిది కాదు.

సన్న కొమ్మల సంగతి వేరు. పడిపోయిన హెమ్లాక్ మానుకు పక్కన రెమ్మలు ఎండి బిరుసెక్కి ఉంటాయి. మాను మొదలు నుంచి కొసకు నడుస్తూ, రెమ్మ పెరిగిన దిశలోనే ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతే అలవోకగా రాలిపోయాయి. రంపంతో ఆ పని విసుగు. అయితే హెమ్లాక్ దగ్గర ఒక హెచ్చరిక ఉంది. ఆ కట్టె మెత్తన, ముడి మాత్రం రాయి. ఎండిన హెమ్లాక్ ముడికి గొడ్డలి అంచులు కూడా నొక్కులు పడతాయని ఆ ప్రాంతపు కట్టె కొట్టేవాళ్లు తరాలుగా చెప్పుకుంటారు. రెమ్మను మొదలంటా నరకకుండా, అంగుళం వదిలి నరకడం మేలు. మా కుర్రాడి చేతిలో ఒక దెబ్బ మొదలు మీద పడింది. అంచు విరగలేదు గానీ గోరుతో రాస్తే తగిలేంత మేర మడతపడింది. చిన్న సానరాయితో కాసేపు రుద్దితే సర్దుకుంది.

చీల్చడం

ఈ కత్తి అసలు పని ఇక్కడ మొదలైంది.

వాన ఎక్కువ పడే అడవిలో నేల మీది కట్టె పైకి ఎండినట్టు కనిపించినా బెరడు కింద నాని ఉంటుంది. పొడి ఉండేది లోపలే. ఆ లోపలి కట్టెను బయటకు తేవాలంటే దుంగను నిలువునా చీల్చాలి. జానెడు పైచిలుకు పొడవున రంపంతో కోసిన ముక్కను గట్టి మొద్దు మీద నిలబెట్టి, దాని నెత్తి మీద కత్తి అంచును ఆనించి, చేతికి తగ్గ దుడ్డుకర్రతో వెన్ను మీద కొట్టాలి. అలుగు కట్టెలోకి దిగాక, అటువైపు బయటకు పొడుచుకొచ్చిన మొన మీద కొడుతూ పోతే ముక్క రెండుగా విచ్చుకుంటుంది. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని బేటనింగ్ అంటారు. మన మేదరివాళ్లు వెదురు చీల్చేటప్పుడు చేసేది కూడా ఇలాంటిదే. బొంగు కొసన కత్తి దించి, కణుపు దగ్గర తట్టి, ఆపైన కత్తిని తోసుకుంటూ పోతారు. నార దారిని కత్తి వెతుక్కుంటుంది.

ఇందులో లెక్క ఒకటే. దుంగ అడ్డకొలత కంటే అలుగు రెండు మూడు అంగుళాలు పొడవు ఉండాలి. లేకపోతే కొట్టడానికి మొన బయటికి రాదు. మామూలు 4 అంగుళాల క్యాంపు కత్తితో చీల్చగలిగింది ఒకటి రెండు అంగుళాల లావు పుల్లలే. 9 అంగుళాల అలుగుతో 6 అంగుళాల దుంగ కూడా లొంగుతుంది. వెన్ను 4.8 మిల్లీమీటర్ల మందం ఉండటంతో దిగుతున్నకొద్దీ కట్టెను పక్కలకు తోస్తుంది. మరీ మందంగా ఉంటే దిగడం కష్టం, మరీ పల్చగా ఉంటే ఇరుక్కుంటుంది. అలుగు పొడవు, మందం ఈ పని చూసుకునే కట్టారా అనిపించింది.

చెర్రీ నార తిన్నగా ఉంటుంది. చీలుతుంటే టప్పున చప్పుడొస్తుంది, బాదం గింజల వాసన లాంటిది గుప్పుమంటుంది, లోపల ఎర్రటి కట్టె పొడిగా బయటపడుతుంది. మొదటి దుంగ విచ్చుకోగానే కుర్రాడు కింద కూర్చుని ఆ ముక్కను చెంపకు ఆనించుకుని చూశాడు, తడి ఉందేమోనని. లేదు. ఆ తర్వాత దుడ్డుకర్ర నా చేతికి ఇవ్వలేదు. సగాలను పావులుగా, పావులను వేలెడు లావు పేళ్లుగా, పేళ్లను పుల్లలుగా చీలుస్తూ పోయాడు. ఇంత చిన్న పని గొడ్డలితో చేయడం ప్రమాదం, సన్న పుల్లను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కొట్టాలి. కత్తితో ఆ భయం లేదు. అంచు ముందే కట్టె మీద ఆనుకుని ఉంటుంది, కదిలేది దుడ్డుకర్ర మాత్రమే.

బీచ్ దగ్గర ఆట మారింది. మాకు దొరికిన ముక్కల్లో నార మెలికలు తిరిగి ఉంది. ముడి ఉన్న ముక్కలో అలుగు సగం దిగి ఆగిపోయింది. ఇలాంటప్పుడు పిడిని పైకీ కిందికీ ఊపి లాగడమే చాలామంది కత్తులు విరగ్గొట్టుకునే తీరు. ఉక్కు నిలువు దెబ్బను ఎంత ఓర్చుకున్నా పక్క వంపును అంత ఓర్చుకోదు. చెక్కతో చిన్న మేకు చెక్కి, చీలిక కొసన దిగ్గొట్టి తెరిస్తే కత్తి దానంతట అదే వదులైంది. ఎప్పుడైనా ముడి లేని ముక్కను ఎంచుకోవడమే ఇందులో నేర్పు.

జాగ్రత్తలు చెప్పకుండా ఈ భాగం ముగించకూడదు. నిలబడి చీల్చొద్దు, మోకాళ్ల మీద కూర్చుని చీల్చండి. తప్పిన అలుగు నేలను తాకాలి, కాలిని కాదు. రెండు తొడల మధ్య కట్టె పెట్టుకోవద్దు. తొడలో పెద్ద ధమని ఉంటుంది, అది తెగితే రక్తం నిమిషాల్లో పోతుంది, అంబులెన్సు గంటల దూరంలో ఉంటుంది. రెండు చేతుల దూరంలో ఇంకో మనిషి ఉండకూడదు. మసక పడ్డాక, చేతులు కొంకర్లు పోయాక కత్తిని ఒరలో పెట్టేయాలి. సంచిలో ఒత్తుకట్టు, బిగించే పట్టీ లేకుండా పెద్ద కత్తితో అడవికి బయల్దేరవద్దు.

నిప్పు, ఉల్లిపాయ

పేళ్ల అంచున సన్నగా చివ్వి, చివ్విన పొర ఊడిపోకుండా ఈకల్లా వంచుకుంటూ పోతే నిప్పు త్వరగా అంటుకుంటుంది. ఈ కత్తితో ఆ పని జరిగింది గానీ అందంగా జరగలేదు. అరకిలో బరువును వేలి కొసతో నడిపించినట్టు ఉంటుంది. పిడి దగ్గరి అంచుతో, కత్తిని మోకాలికి ఆనించి కదలకుండా ఉంచి, పుల్లను వెనక్కి లాగితే కొంత నయం. నిప్పురవ్వల కడ్డీని వెన్నుతో గీస్తే మొదట ఏమీ రాలేదు. తుప్పు పట్టకుండా అలుగంతా నల్ల పూత పూస్తారు. వెన్ను మీద అంగుళం మేర ఆ పూతను గీకేశాకే రవ్వలు రాలాయి.

వంటల పుస్తకం వారసుడి కత్తి కదా, తరిగి చూడకుండా ఎలా? ఉల్లిపాయ బాగానే తెగింది. అలుగు రెండు పక్కలా వెన్ను నుంచి అంచుదాకా సమంగా పల్చబడుతూ వస్తుంది కాబట్టి ఈ మందానికి ఊహించనంత శుభ్రంగా తరుగుతుంది. క్యారెట్ మాత్రం తెగలేదు, పగిలింది.

పాత గురువుల అభ్యంతరం

అమెరికా అడవి తిరిగేవాళ్లలో పెద్ద కత్తి మీద ఒక పాత తగవుంది. ఇదే పెన్సిల్వేనియా ఉత్తర ప్రాంతంలోని వెల్స్‌బరోలో ఉండిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్, ‘నెస్ముక్’ అన్న కలం పేరుతో 1884లో ‘వుడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకం రాశారు. దుకాణాల్లో అమ్మే బోవీ తరహా మందపు కత్తులు చూడటానికి భయంకరంగా ఉంటాయి తప్ప పనికి అక్కరకు రావని ఆయన తేల్చేశారు. ఆయన దగ్గర ఉండేవి మూడు: రెండు వైపులా పదునున్న చిన్న గొడ్డలి, పల్చని అలుగు కత్తి, జేబు చాకు. తర్వాతి తరంలో హోరేస్ కెఫార్ట్ 1906లో అచ్చయిన తన క్యాంపింగ్ పుస్తకంలో దాదాపు అదే తీర్పు చెప్పారు. బోవీ కత్తి చెక్కడానికీ, తోలు తీయడానికీ మరీ మందం, వంటకూ తిండికీ మొన మరీ సూటి అన్నది ఆయన వాదన. కెఫార్ట్ కూడా సెయింట్ లూయిస్‌లోనే గ్రంథాలయాధికారిగా పనిచేసి, అన్నీ వదిలి గ్రేట్ స్మోకీ కొండలకు చేరిన మనిషి. ఆ కొండలు జాతీయ పార్కు కావడానికి ఆయన రాతలు ఎంతో దోహదం చేశాయి. ఆయన చనిపోయింది 1931లో, ఇర్మా పుస్తకం వెలువడిన ఏడాదే.

ఆ ఇద్దరూ నాకు గౌరవనీయులే. నెస్ముక్ పిల్ల గొడ్డలి, పల్చని కత్తి కలిపితే చేయలేని పని ఈ అడవిలో లేదు. ఈథన్ బెకర్ కూడా ఆ మాట కాదనలేదు. పెద్ద కత్తులు గీసిన చేత్తోనే పాత కెఫార్ట్ కత్తి రూపాన్ని పునరుద్ధరించారు, కా-బార్ దాన్ని కూడా అమ్ముతుంది. కానీ ఆ గురువులు తూలనాడిన కత్తులు కొట్టడానికీ తగక, కోయడానికీ తగక మధ్యలో మిగిలిపోయినవి. 9 అంగుళాల పొడవూ, వెన్ను నుంచి అంచుదాకా పల్చబడే అలుగూ ఉన్న ఈ కత్తి అలాంటిది కాదు. చీల్చే పనిలో దీన్ని వాళ్ల ముందు పెట్టి ఉంటే వాదన వేరే దారి పట్టేదని నా నమ్మకం.

ఏ అడవికి ఆ అలుగు

పెద్ద కత్తి మంచిదా కాదా అని విడిగా అడిగితే జవాబు ఉండదు. ఏ అడవిలో అని అడగాలి. ఫిన్లాండ్ దక్షిణాన మనుషులు తరతరాలుగా పూక్కో అనే చిన్న కత్తి, దానికి తోడు గొడ్డలి పట్టుకు తిరుగుతారు. అక్కడ మానులు పెద్దవి. అదే దేశంలో ఉత్తరానికి, రెయిన్‌డీర్లు కాసే సామీ ప్రజల దగ్గరకు వెళితే నడుముకు 8, 9 అంగుళాల అలుగున్న లెయుకు అనే కత్తి వేలాడుతుంది. అక్కడ పెరిగేవి సన్నని పొట్టి భూర్జ చెట్లు. వాటికి గొడ్డలి అక్కర్లేదు, పెద్ద కత్తి చాలు. మలయ అడవుల్లో చెక్కబారిన తీగలు దారి కట్టేస్తాయి కాబట్టి అక్కడి పరాంగ్ అనే కత్తి ముందుకు బరువుగా, వంపుగా ఉంటుంది. నేపాలీల ఖుక్రీ వంపుకు కూడా ఇదే కారణం: దెబ్బ పడే చోట బరువు పెరిగి, కొమ్మ అంచు మీద నుంచి జారకుండా లోపలికి చిక్కుతుంది.

మా కుర్రాడు మొదట్లో అడిగిన వంపు ఇదే. అలెగెనీ నేల మీద ఫెర్న్ మొక్కలు పరుచుకుని ఉంటాయి. జింకలు మొలకలు తినేయడంతో మిగిలింది ఆ ఫెర్నులే. వాటిని చేత్తో పక్కకు నెట్టి నడవొచ్చు, నరకాల్సిన పొద లేదు. అందుకే తిన్నని వెన్నుతో, చీల్చడానికి తగిన కత్తి అక్కడ సరిపోయింది. మన దగ్గర సంగతి అది కాదు. నల్లమలలోకి, గోదావరి గట్టు కొండల్లోకి వెళితే కాలికి చుట్టుకునేది లంటానా కంప, ముళ్ల తీగ, వెదురు పొద. కట్టె కూడా వేరు. తుమ్మ, నల్లమద్ది, యేగి లాంటివి చెర్రీ కంటే బరువూ గట్టీ. పచ్చి కొమ్మను ఒక్క దెబ్బకు తెంపి వంపులోకి లాక్కునే మచ్చుకత్తి ఆ పనికి పుట్టింది. కొబ్బరి బొండాలు కొట్టే కత్తిని గమనించండి, అలుగు వెడల్పు, బరువు ముందు. ఆ బండి దగ్గర ఈ బీకే-9 నిలవదు. మచ్చుకత్తి కూడా అలెగెనీ దుంగ దగ్గర నిలవదు. వెన్ను వంపు తిరగడంతో దుడ్డుకర్ర దెబ్బ పక్కకు జారిపోతుంది, కొక్కెం మొన కట్టెలో దూరదు.

ఉక్కు కూడా పనిని బట్టే. బీకే-9 ఉక్కులో సుమారు 1 శాతం కార్బన్, కొద్దిగా క్రోమియం, వనేడియం ఉంటాయి. నూనెలో చల్లార్చి, మళ్లీ కాస్త కాల్చి పానం పెట్టాక రాక్‌వెల్ కొలతలో గట్టిదనం 56 నుంచి 58. అంచు చాలాసేపు నిలుస్తుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. క్రోమియం 10.5 శాతం దాటితే గానీ స్టెయిన్‌లెస్ కాదు. మన కమ్మరి మచ్చుకత్తిని ఎక్కువగా పాత లారీ కమాను పట్టీతో చేస్తాడు. అందులో కార్బన్ 0.6 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంచు త్వరగా మొద్దుబారుతుంది, కానీ రాయికి తగిలితే విరగదు, మడతపడుతుంది. పొలం గట్టు మీది రాయితో మళ్లీ పదును తెచ్చుకోవచ్చు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో వండి, పర్షియా వర్తకులు కొనుక్కుపోయేంత మేలైన ఉక్కు చేసిన నేల మనది. అలాంటి చోట కొలిమి దగ్గర కూర్చున్న మనిషిని ‘నాటు కత్తులు చేసేవాడు’ అని తీసిపారేయడం నాకు బాధగా ఉంటుంది. అతనికి తన అడవి తెలుసు.

ఇక్కడ చేసి చూడాలనుకునే వాళ్లకు చట్టం సంగతి ముందు చెప్పాలి. మన ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తులు, ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి కాకపోతే, ఆయుధాల జాబితాలోకి వస్తాయి. బీకే-9 సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అన్న మాటలో కత్తిని కూడా చేర్చింది. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి కత్తితో అడుగుపెట్టడం నేరం. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవుల్లో కత్తి సాము చేద్దామన్న ఆలోచన వద్దు. సొంత పొలం, సొంత చింతకొమ్మ, సొంత తుమ్మ మొద్దు చాలు. చీల్చడం నేర్చుకోవడానికి అడవే అక్కర్లేదు.

కొనేవాళ్లకు నాలుగు మాటలు. పిడి చివరిదాకా ఉక్కు ఉందో లేదో చూడండి. చేత పట్టుకుని పది నిమిషాలు ఊపండి, అరచేతిలో ఒకేచోట ఒత్తితే ఆ కత్తి మీది కాదు. వెన్ను అంచులు మరీ కోసుగా ఉంటే దుడ్డుకర్ర పిండైపోతుంది. దాచేటప్పుడు తోలు ఒరలో పెట్టి వదిలేయొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. తుడిచి, కొబ్బరి నూనె పూసి, కాగితం చుట్టి పెట్టండి.

నిప్పు కుదురుకుని అన్నం ఉడుకుతుండగా మా కుర్రాడు ఫోన్‌లో బొమ్మ గీసుకోవడం మొదలుపెట్టాడు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వాళ్ల కమ్మరితో ఒకటి చేయిస్తాడట. “మా తాత కత్తే అన్నా, వంపు మాత్రం మొన దగ్గర కొంచెమే పెట్టిస్తా. వెన్ను మూడొంతులు తిన్నగా ఉండాలె, దుడ్డు జారొద్దు,” అన్నాడు. ఉక్కు కమాను పట్టీదే, పిడి తాత కత్తికి మల్లే తుమ్మ కట్టెది. మందం దగ్గర మాత్రం తేల్చుకోలేకపోయాడు. బీకే-9 వెన్నును మళ్లీ రెండు వేళ్ల మధ్య పట్టి చూసి, తమ తుమ్మ మొద్దుకు 5 మిల్లీమీటర్లు చాలవని, 6 పెట్టమని రాసుకున్నాడు.